మీకు తెలుసా? నాలుగు డబ్బులు నిండు ప్రాణాన్ని నిలబెడతాయి!

"ఎవరి తలరాత వాళ్లది" అంటాం. "మనసు గట్టిది కాదు పాపం" అంటాం. ఆత్మహత్య వార్త విన్న ప్రతిసారీ మన నోట వచ్చే మాటలివే! కానీ ఓ లెక్క చెబుతా, వినండి. 2000 నుంచి 2019 మధ్య ప్రపంచంలో ఆత్మహత్యల రేటు 36 శాతం తగ్గింది! అంతమంది తలరాతలు ఒక్కసారిగా మారతాయా? మనుషుల చుట్టూ ఉన్న పరిస్థితులు మారాయి! కూలి రేటు, వడ్డీ రేటు, పరీక్ష తేదీ, ఒక ఫోన్ కాల్... ఇలాంటివి కూడా ప్రాణాలు నిలబెడతాయి! నమ్మబుద్ధి కావడం లేదా? చదవండి మరి!

ఇండోనేసియాలో పేద తల్లుల చేతికి ప్రభుత్వం కొంత సొమ్ము ఇచ్చింది. పిల్లల్ని బడికి పంపాలి. గర్భిణులు, పసిపిల్లలు వైద్య పరీక్షలు చేయించుకోవాలి. షరతులు అంతే! ఆత్మహత్యల ఊసే ఆ పథకంలో లేదు. అయినా పథకం అందిన చోట్ల ఆత్మహత్యలు 18 శాతం తగ్గాయి! పంట పోయిన ఏడాది పడే దెబ్బ కూడా అక్కడ చిన్నదైంది. కౌన్సెలింగ్ లేదు, మందులు లేవు. ఇంట్లో నాలుగు డబ్బులున్నాయి, అంతే!

ఒక్క దేశంలోనే జరిగిందేమో అనుకుంటున్నారా? బ్రెజిల్ సంగతి చూడండి! అక్కడ 'బోల్సా ఫమీలియా' అనే నగదు పథకం ఉంది. పరిశోధకులు కోట్ల మంది పేదల వివరాలు ఏళ్ల తరబడి పోల్చి చూశారు. పథకం అందుకున్నవారిలో ఆత్మహత్యల రేటు, అందుకోనివారి కంటే 56 శాతం తక్కువ! సగానికి పైగా తేడా!

ఇప్పుడు అమెరికా! అక్కడ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం కనీస వేతనం పెంచుకోవచ్చు. 1990 నుంచి 2015 వరకు లెక్కలు తీశారు. గంటకు ఒక్క డాలరు పెరిగితే ఆత్మహత్యల రేటు 3.4 నుంచి 5.9 శాతం వరకు తగ్గింది! ఎవరిలో? కాలేజీ గడప తొక్కని, చిన్న జీతాల మీద బతికేవాళ్లలో! మరి డిగ్రీలు చదివినవాళ్లలో? ఏ తేడా లేదు! వాళ్ల జీతాలకు కనీస వేతనంతో పనేముంది? అందుకే ఈ లెక్క మీద నాకంత గురి. డబ్బు చేరిన చోటే మార్పు కనిపించింది!

మన దేశానికి వద్దాం. ఆత్మహత్యల మీద జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా ఓ లావుపాటి నివేదిక ఇస్తుంది. 2022 నివేదికలో 'కారణాలు' అనే పట్టిక తెరవండి. 'పేదరికం' అన్న గడి ఎదురుగా ఎంతుందో ఊహించండి! 0.8 శాతం! అంటే పేదరికం వల్ల చనిపోయేవాళ్లు దాదాపు లేరన్నమాట! ఆగండి, అప్పుడే పుస్తకం మూసేయకండి!

అదే నివేదికలో ఇంకో పట్టిక ఉంది. చనిపోయినవారి సంపాదన ఎంత అని. అక్కడ లెక్క తలకిందులు! ఏడాదికి లక్ష రూపాయలలోపు ఆదాయం ఉన్నవాళ్లు నూటికి 64 మంది! ఒకే పుస్తకం, అవే మరణాలు, రెండు పట్టికలు, రెండు వేర్వేరు కథలు!

ఎలా సాధ్యం? కాగితం మీద ఒక మనిషికి ఒక్కటే కారణం రాస్తారు. అన్నిటికంటే పెద్ద గడి ఏమిటో తెలుసా? 'కుటుంబ సమస్యలు', 31.7 శాతం! ఇప్పుడు ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడి చూడండి. మూడు నెలల అద్దె బాకీ. అమ్మాయి ఫీజు కట్టలేదని కాలేజీ నుంచి కబురు. చెల్లెలి పెళ్లికి తెచ్చిన అప్పు మీద వడ్డీ. దాని మీద మొగుడూ పెళ్లాల గొడవ. పోలీసు వచ్చి అడిగితే ఇంట్లోవాళ్లు చెప్పేది చివరి గొడవ గురించే! ఆ గొడవ వెనకున్న బాకీల చిట్టా ఏ గడిలోకీ ఎక్కదు. నన్నడిగితే ఈ పట్టిక గీసే పద్ధతి మారాల్సిందే!

రోజు కూలీల సంగతి విన్నారా? 2014లో ఆత్మహత్య చేసుకున్న ప్రతి 100 మందిలో 12 మంది రోజు కూలీలు. 2022 నాటికి 26 మంది! ఎనిమిదేళ్లలో రెట్టింపు దాటింది! అడ్డా మీద పొద్దున ఆరింటికి నిలబడతారు. పదయ్యేసరికి పని దొరక్కపోతే ఆ రోజు సంపాదన సున్నా. పీఎఫ్ లేదు, సెలవు లేదు. దేశంలో నాలుగింట ఒక ఆత్మహత్య ఈ మనుషులదే. టీవీ చర్చల్లో వాళ్ల గురించి ఎప్పుడైనా విన్నామా?

'రైతు ఆత్మహత్య' అన్న మాట మనందరికీ తెలుసు. మరి ఇది తెలుసా? 2022లో వ్యవసాయ రంగంలో చనిపోయినవారిలో సొంత చేనో, కౌలు చేనో చేసే రైతుల కంటే వ్యవసాయ కూలీలే ఎక్కువ! రైతులు 5,207 మంది. కూలీలు 6,083 మంది! చేనెండితే రైతు పేరు బయటికొస్తుంది. ఆ చేలో కలుపు తీసే మనిషి పేరు ఎక్కడా రాదు!

ఇంకాస్త దగ్గరికి రండి. ఇది మన తెలంగాణ సంగతే! రైతు స్వరాజ్య వేదిక, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ కలిసి ఆత్మహత్య చేసుకున్న 692 మంది రైతుల కుటుంబాలను కలిశాయి. వాళ్లలో కౌలు రైతులు ఎందరో తెలుసా? నూటికి 75 మంది! ఎందుకంటారా? పాస్‌బుక్ ఉండేది భూమి యజమాని పేరు మీద. కాబట్టి బ్యాంకు అప్పు ఆయనకే. అప్పట్లో రైతుబంధు సొమ్మూ ఆయనకే. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిచ్చే రైతుబీమా కూడా పట్టా ఉన్నవాళ్లకే! కౌలుదారుడికి మిగిలేది ముందే చెల్లించిన కౌలు, షావుకారు అప్పు. ఎండినా, తడిసినా నష్టం మాత్రం పూర్తిగా అతనిదే! ఒక గుర్తింపు కార్డు, దాని మీద బ్యాంకు అప్పు. అడిగేది అంతే. కౌలుదారులకు కార్డులివ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లోనే చట్టం చేసింది! ఆ చట్టం ప్రతి చేను గట్టుకూ చేరాలి.

ఎండకూ, ఆత్మహత్యకూ సంబంధం ఉందని తెలుసా? భారతదేశం మీదే ఓ పరిశోధన జరిగింది. 2017లో అచ్చయింది. పంట కాలంలో రోజు ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటాక, ఒక్క డిగ్రీ పెరిగితే ఒక్క రోజుకే దేశంలో సగటున 67 ఆత్మహత్యలు అదనం! అసలు విశేషం ఇది కాదు. పంట లేని నెలల్లో ఎండ ఎంత మండినా ఆ సంఖ్య కదల్లేదు! అంటే మనిషిని కుంగదీసింది ఉక్కపోత కాదు, చేలో ఎండిన పైరు!

ఉద్యోగం పోతే కుంగిపోతారు. అది అందరికీ తెలిసిందే. కానీ ఉద్యోగం పోకముందే? 63 దేశాల లెక్కలు చూసిన పరిశోధకులు నిజంగానే నివ్వెరపోయి ఉంటారు! నిరుద్యోగం పెరగడానికి 6 నెలల ముందే ఆత్మహత్యలు పెరిగాయి! తీసేశారన్న మెయిల్ ఇంకా రాలేదు. "ఈసారి జాబితాలో నా పేరుంటుందేమో" అన్న భయం మాత్రం వచ్చేసింది! లే ఆఫ్‌ల కాలంలో హైదరాబాద్‌లో అయినా, డల్లాస్‌లో అయినా మన పిల్లలకు ఫోన్ చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. "ఉద్యోగం ఉందిగా, ఇంకేం" అనకండి!

అయితే నిరుద్యోగం పెరిగినప్పుడల్లా ఆత్మహత్యలు పెరగాలా? అక్కర్లేదు! స్వీడన్ చేసి చూపించింది. 1991లో అక్కడ నిరుద్యోగం 2.1 శాతం. మరుసటి ఏడాదికి 5.7 శాతం! పెద్ద దెబ్బే! అయినా ఆత్మహత్యలు పెరగలేదు, పైగా తగ్గాయి! ఉద్యోగం పోయినవాళ్లను ఇంట్లో కూర్చోనివ్వలేదు ఆ దేశం. శిక్షణ ఇచ్చింది. కొత్త పనికి దారి చూపింది. పని పోయినా మనిషి ఒంటరి కాలేదు!

జపాన్ కథ ఇంకా ఆశ్చర్యం! 1997లో అక్కడ ఆత్మహత్యలు 24 వేల పైచిలుకు. ఆ ఏడాదే ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చింది. మరుసటి ఏడాది 32,863! ఒక్క ఏడాదిలో 8 వేలకు పైగా మరణాలు పెరిగాయి! చిన్న కంపెనీలు మూతపడ్డాయి. ఇంటి పెద్దలు అప్పుల్లో మునిగారు.

ఆ జపానే తర్వాత ఏం చేసిందో చూడండి! 2006లో ఆత్మహత్యల నివారణకే ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. వడ్డీ వ్యాపారుల చట్టాన్ని కూడా సవరించింది. 2010 నాటికి ఆ సవరణ పూర్తిగా అమల్లోకి వచ్చింది. వడ్డీ 20 శాతం దాటకూడదు! ఏడాది సంపాదనలో మూడో వంతు మించి ఎవరికీ అప్పివ్వకూడదు! 2019కి ఆత్మహత్యలు 20,169కి దిగొచ్చాయి. వడ్డీకి కళ్లెం వేయడాన్ని ప్రాణాలు కాపాడే పనుల్లో లెక్కేసిన దేశం అది!

మనమూ ఒకసారి అప్పులవాళ్లకు కళ్లెం వేశాం, తెలుసా? 2010 అక్టోబరులో! మైక్రో ఫైనాన్స్ అప్పుల కాలం అది. ఊళ్లో గ్రూపు లోను తీసుకున్న ఆడవాళ్లకు ఆ వారపు మీటింగు బాగా గుర్తు. కిస్తీ కట్టాల్సిన రోజు వచ్చిందంటే గుండెల్లో దడ! ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లంతా కలిసి కట్టాలి. అందుకే ఆమె ఇంటి ముందు వచ్చి కూర్చునేది ఎవరో కాదు, తోటి గ్రూపు సభ్యులే! నిన్నటిదాకా చక్కెర, కాఫీపొడి చేబదులిచ్చిన పొరుగింటి వదినలే! అప్పు కంటే ఆ అవమానం ఎక్కువ కోసింది. వరస మరణాల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అందులో ఓ అద్భుతమైన నియమం ఉంది. వసూలు చేసే మొత్తం వడ్డీ, అసలును మించకూడదు! 10 వేలు ఇస్తే వడ్డీ కింద 10 వేలకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ లాగకూడదన్నమాట! ఇల్లు తాకట్టు పెట్టి వడ్డీలు కట్టిన మనిషికి ఆ ఒక్క వాక్యం ఎంత ఊరటో!

ఇప్పుడు కిస్తీ మనిషి ఇంటికి రానక్కర్లేదు, ఫోన్‌లోనే ఉంటాడు! లోన్ యాప్ మీ కాంటాక్టులన్నీ లాగేస్తుంది. మీ మామయ్యకు, మీ మేనేజరుకు, మీ పిల్లల టీచరుకు మెసేజ్‌లు పెడుతుంది. మరి ఇది తెలుసా? రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టు లిస్టు, కాల్ లిస్టు ముట్టుకోకూడదు! రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు! బెదిరించడం, పరువు తీయడం అసలే కుదరదు. ఈ మాట మీ చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టండి! మార్ఫింగ్ ఫొటోలతో బెదిరిస్తే సైబర్ క్రైమ్ నంబరు 1930. వాళ్లకు భయపడాల్సింది మీరు కాదు!

ఇంటర్ ఫలితాల రోజున గుండె చిక్కబట్టుకునే అమ్మానాన్నలకు ఇది చెప్పాలి! 2019లో తెలంగాణలో ఓ అమ్మాయి. మొదటి ఏడాది టాపర్. రెండో ఏడాది తెలుగులో వచ్చిన మార్కులు 0! మళ్లీ చూశారు. అసలు మార్కులెన్నో తెలుసా? 99! ఆ ఏడాది తప్పినవాళ్ల పేపర్లన్నీ మళ్లీ పరిశీలిస్తే 1,137 మంది పాసయ్యారని తేలింది! వాళ్లందరి చేతిలో అప్పటికే 'ఫెయిల్' అని రాసిన మెమో ఉంది. ఆ వేసవిలో ఇరవై మందికి పైగా పిల్లలు మనకు దక్కలేదు. మార్కుల కాగితం కూడా తప్పు చెబుతుందని ఆ పిల్లలకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

పొరుగున తమిళనాడులో లక్ష్మీ విజయకుమార్ అనే సైకియాట్రిస్టు ఉన్నారు. 1986లో చెన్నైలో 'స్నేహ' సంస్థను మొదలుపెట్టారు. పరీక్ష తప్పిన పిల్లల గురించి ఆవిడ అడిగింది చాలా చిన్నది! తప్పినవాళ్లకు వెంటనే సప్లిమెంటరీ పెట్టండి, ఏడాది వృథా కానివ్వకండి అన్నారు. ప్రభుత్వం ఒప్పుకుంది! పరీక్ష తేదీ జరిపితే ప్రాణాలు నిలుస్తాయని ఓ డాక్టరమ్మ కనిపెట్టారు!

పెళ్లయితే ఆడపిల్లకు అండ దొరుకుతుందని అనుకుంటాం కదా? 2016లో ప్రపంచం మొత్తం మీద ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్లలో భారతీయులు ఎంతమందో తెలుసా? నూటికి 37! ప్రపంచంలోని ఆడవాళ్లలో మనవాళ్లు నూటికి 18 మంది కూడా లేరు! పరాయి దేశాల్లో పెళ్లి ఇచ్చే రక్షణ మన దగ్గర ఆడవాళ్లకు అంతగా అందడం లేదని పరిశోధకులు గట్టిగానే చెప్పారు. చిన్న వయసులో పెళ్లి, చేతిలో సొంత డబ్బు లేకపోవడం, ఇంట్లో దెబ్బలు. "సర్దుకుపో తల్లీ" అని ఫోన్ పెట్టేసే ముందు ఒక్క నిమిషం ఆగండి!

మగవాళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న 100 మందిలో 72 మంది మగవాళ్లే! అప్పు సంగతి భార్యకు కూడా చెప్పరు! చెబితే చిన్నతనం అనుకుంటారు.

"ఇప్పుడు ఆపినా రేపు ఆగుతారా" అంటారా? ఆగుతారు! శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఖరి క్షణంలో ఎవరో ఒకరు ఆపిన 515 మందిని ఏళ్ల తర్వాత వెతికారు. నూటికి 94 మంది ఇంకా బతికే ఉన్నారు, లేదా సహజంగా కన్నుమూశారు! ఆ గడియ దాటితే చాలు! ఇన్ని లెక్కల్లో నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చే లెక్క ఇదే!

మరి ఆ గడియ దాటించడానికి ఏం కావాలి? చెన్నైతో సహా ఐదు దేశాల్లో ప్రయత్నించి చూశారు. ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రికి వచ్చిన 1,867 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు దానితో పాటు ఒక గంట మాటలు. తర్వాత ఏడాదిన్నరలో 9 సార్లు ఫోనో, పలకరింపో! అంతే! మొదటి జట్టులో నూటికి ఇద్దరు మళ్లీ ప్రాణాలు తీసుకున్నారు. రెండో జట్టులో? వెయ్యికి ఇద్దరు! "ఎలా ఉన్నారు?" అన్న మాటకు ఇంత బలముంది!

ఒక పాట కూడా ప్రాణాలు కాపాడింది! 2017లో అమెరికన్ ర్యాపర్ లాజిక్ ఓ పాట విడుదల చేశాడు. పాట పేరే ఒక హెల్ప్‌లైన్ నంబరు! జనం ఆ పాట గురించి ఎక్కువగా మాట్లాడుకున్న 34 రోజుల్లో ఆ నంబరుకు 9,915 కాల్స్ అదనంగా వెళ్లాయి. అదే సమయంలో అక్కడ ఆత్మహత్యలు తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు! మన సినిమాలవాళ్లు ఎవరైనా వింటున్నారా?

"అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమో" అని భయమా? అక్కర్లేదు! ఈ ప్రశ్న మీద జరిగిన 13 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. అడగడం వల్ల ఆ ఆలోచన పెరిగినట్టు ఒక్కదానిలోనూ తేలలేదు! "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, ప్రేమగా అడగొచ్చు. అడిగాక మధ్యలో అడ్డు రాకుండా వినండి. ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా వదలకండి.

ఆస్పత్రికి తీసుకెళ్తే కేసు అవుతుందని దాచిపెట్టేవాళ్లున్నారు. 1860 నాటి చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరం. ఆ సెక్షన్ ఇప్పుడు లేదు! 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాన్ని తీసేశారు. అంతకు ముందే 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇంకో మాట చెప్పింది. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదే! కాబట్టి దాచకండి, పరుగున తీసుకెళ్లండి!

చివరగా ఒక నంబరు. 14416. పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రూపాయి ఖర్చు లేదు. రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. తెలుగులో మాట్లాడతారు! అప్పు గురించి చెప్పుకోవచ్చు, మార్కుల గురించి చెప్పుకోవచ్చు, ఏమీ తోచడం లేదని చెప్పుకోవచ్చు. మీ కోసమైనా చేయొచ్చు, మీవాళ్ల కోసమైనా చేయొచ్చు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 112. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పక్కనున్నవాళ్ల ఫోన్‌లోనూ చేసిపెట్టండి!